మెతోది ధార దాటడు

మెతోదికి ఉన్న పిచ్చి ఒక్కటే. దారిపక్కన నీటిధార కనిపిస్తే కారు ఆపకుండా ఉండలేడు. కొండ ఊటని గొట్టంలోంచి దించి, రాతిగోడ కట్టి, కింద తొట్టి పెట్టి, ఇంట్లో పోయినవాళ్ళ పేరు చెక్కించి దారినపోయేవాళ్ళకి వదిలేస్తారే, ఆ ధార. ప్లోవ్‌దివ్ పట్నం నుంచి రీలా కొండల దాకా అలాంటివి ఎన్నున్నాయో ప్రభుత్వానికి తెలీదు, మెతోదికి తెలుసు. పోనీ దాహమా అంటే, ఇంట్లో ఆయన మంచినీళ్ళు తాగగా చూసినవాళ్ళు లేరు.

ఆగి ఊరుకుంటే బాగానే ఉండేది. ముందు టోపీ తీస్తాడు. దోసెడు నీళ్ళు తాగి, రాతి మీద పేరు చదివి, "ఇలియా తాతా, దేవుడు నిన్ను మన్నించాలి" అంటాడు. ఇంతవరకూ అందరూ చేసేదే. ఆ తర్వాత జేబులోంచి కొలత టేపు తీస్తాడు! గొట్టం ఎంత ఎత్తు, తొట్టి ఎంత లోతు, పక్కనున్న రాతి అరుగు ఎంత వెడల్పు, అన్నీ కొలుస్తాడు. ఆఖరికి భార్య రాద్కాని కారులోంచి దింపి ఆ అరుగు మీద కూచోబెడతాడు.

"కూచున్నావా? ఇప్పుడు లే. మోకాలు కలుక్కుమందా?"

"మంది."

"ఎంత?"

"నీ నెత్తిన మొట్టికాయ వెయ్యాలనిపించేంత!"

"అయితే అరుగు ఎత్తు చాల్లేదన్నమాట" అని తల పంకించి, మళ్ళీ కారెక్కుతాడు. శనివారాలు మాత్రం స్నేహితుడు స్తామెన్‌తో చేపలకని పోతాడు, ఒట్టి చేతుల్తో తిరిగొస్తాడు.

రాద్కా ముప్ఫై ఏళ్ళు బడిలో వ్యాయామం నేర్పిన మనిషి. ఆమె కోరికా ఒక్కటే: రీలా మీద పై సరస్సు కళ్ళారా చూడాలి. తొమ్మిది వేసవులు బయల్దేరారు, తొమ్మిదిసార్లూ సగం కొండ నుంచి వెనక్కే. ఆ సగంలో ఓ మొండివాలు ఉంది. చుక్క నీరుండదు, చతికిలబడ్డానికి ఓ బండరాయైనా ఉండదు. నేల మీద కూలబడిందా, మోకాలు ఇక లేవనివ్వదు. పోయినేడు దారినపోయే ఇద్దరు జర్మన్లు చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆ అవమానం ఆమె మర్చిపోలేదు. వచ్చే నెల మోకాలికి ఆపరేషను. "ఆ తర్వాత కొండల మాట ఎత్తకండి" అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అంచేత ఇదే ఆఖరి ప్రయాణం. పైగా మధ్యాహ్నం దాటితే పైన మబ్బు కమ్మేసి సరస్సు కనపడదు.

"ఈసారి ఒక్క ధార దగ్గర ఆపావో, విడాకులే" అంది కారెక్కుతూ.

"అలాగేలేవే" అన్నాడు మెతోది.

నలభై నిమిషాలకి ఇలియా తాత ధార వచ్చింది. ఆపాడు. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళ ధార. అక్కడ బానిత్సా అనే జున్ను పొరల రొట్టె పొట్లం విప్పి, ఒక్కో పొరా ఊడదీసి, పెళ్ళిభోజనంలా తిన్నాడు. తింటున్నంతసేపూ ఫోను వంకే చూశాడు. మూడోది రోడ్డుకి అవతలివైపు ఉంటే బండి వెనక్కి తిప్పి మరీ వెళ్ళాడు. రాద్కాకి ఒళ్ళు మండిపోయింది. చేతికర్రలు రెండూ తీసుకుని కారు దిగి, రోడ్డమ్మట నడక మొదలెట్టింది.

మెతోది నత్తనడకన కారు పక్కనే పోనిచ్చాడు. "ఎక్కవే తల్లీ, ఎండెక్కుతోంది."

"నేను నడిచే పోతా. నీకంటే ముందే చేరతా."

"ఇంకా డెబ్భై కిలోమీటర్లుందే!"

"ఆగి ఆగి పోయే నీ కారు కంటే నా నడకే నయం!"

అంతలో ఫోను టింగుమంది. మెతోది అది చూసి, దిగి, ఆమెని దాదాపు ఎత్తి కారులో కుదేశాడు. ఇక బండి ఆగలేదు. ఒక ధార వచ్చింది, వెళ్ళింది. ఇంకోటీ వెళ్ళిపోయింది. రాద్కాకి గుండె ఝల్లుమంది. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"ఏమయ్యా, ఒంట్లో బాగానే ఉందా?"

కారు కొండ కింద పెట్టి నడక మొదలుపెట్టారు. మొండివాలు సగం ఎక్కేసరికి మోకాలు ఎప్పట్లాగే మొరాయించింది. "అయిపోయింది మెతోదీ, ఇంక నావల్ల కాదు" అంది, చేతికర్రల మీద వాలిపోతూ.

"ఇంకో ఇరవై అడుగులే. రా."

మలుపు తిరగ్గానే నీళ్ళ చప్పుడు వినిపించింది. కొత్త రాతిగోడ, కొత్త గొట్టం, పక్కనే వెడల్పాటి అరుగు. రాద్కా తాగింది. అరుగు మీద కూచుంది. కాసేపాగి లేచింది. మోకాలు కిమ్మనలేదు. మళ్ళీ కూచుని, మళ్ళీ లేచింది. మొగుడి జేబులోంచి వేలాడుతున్న కొలత టేపు అప్పుడు కనిపించింది.

"ఆ కొలతలన్నీ నా మోకాలి కోసమా?"

"నలభై తొమ్మిది సెంటీమీటర్లు. ఆ ఒక్క ఎత్తులోనే నువ్వు నన్ను తిట్టలేదు."

"శనివారాలు స్తామెన్‌తో చేపలకి పోయి, ఒక్క చేపా తేలేదేం?"

"ఈ వాలు మీద చేపలెక్కడ దొరుకుతాయే? గొట్టం ఇవాళ పొద్దున్నే కలిపాడు వాడు. నీళ్ళొచ్చాయని కబురు చేసేదాకా నిన్ను ఆపొద్దూ?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకుండా ముఖం కడుక్కుని, తుడుచుకుంటూ గోడ మీద చెక్కింది చదివింది. 'రాద్కా స్మృతికి.'

మెతోది కూడా అప్పుడే చదివాడు. ముఖం పాలిపోయింది. "ఒరే స్తామెన్! 'రాద్కా కోసం' అని కదరా చెక్కమన్నాను?"

గోడ వెనకనుంచి సిమెంటు చేతులతో తాపీమేస్త్రీ స్తామెన్ తల బయటపెట్టాడు. "ముప్ఫై ఏళ్ళుగా అదే చెక్కుతున్నానయ్యా, చెయ్యి దానంతటదే పోయింది. బతికున్న మనిషికి ధార కట్టించినవాణ్ణి నిన్నే చూశా!"

సరిగ్గా అప్పుడే ఓ ముసలి జంట పైకొచ్చింది. ముసలాయన టోపీ తీసి, దోసెడు తాగి, భక్తిగా అన్నాడు, "రాద్కమ్మా, దేవుడు నిన్ను మన్నించాలి."

"ఏ తప్పుకి బాబూ?" అంది అరుగు మీంచి రాద్కా.

ఆయనకి పొలమారింది. వాళ్ళావిడ వీపు నిమిరి తేర్చేసరికి పావుగంట పట్టింది.

మబ్బు పట్టకముందే పై సరస్సు చేరారు. రాద్కా గట్టున నిలబడి చాలాసేపు చూసింది. నీళ్ళు నీలంగా, నిశ్చలంగా ఉన్నాయి. మెతోది చెయ్యి మాత్రం వదల్లేదు.

దిగేటప్పుడు ధార దగ్గర మెతోది తల గోక్కున్నాడు. "రేపే చెక్కించి మార్పిస్తానే."

"వద్దు, ఉండనీ. ఎప్పటికైనా పనికొచ్చేదేగా. ఇప్పట్నించే అందరూ మన్నించమని దేవుణ్ణి అడుగుతుంటే, పోయేనాటికి నా తప్పులన్నీ కొట్టుకుపోతాయి."

తిరుగుదారిలో మెతోది సిగ్గుతో కారు ఎక్కడా ఆపలేదు. నాలుగో ధార దాటబోతుండగా రాద్కా ఆయన భుజం మీద ఒక్కటి వేసింది.

"ఆపవయ్యా! రాతి మీద ఎవరో ఆడమనిషి పేరుంది. పాపం, నిజంగానే పోయిందో లేదో కనుక్కుని వద్దాం."