నెంబరు లేని దారి

సఖినేటిపల్లి రేవులో చుక్కాని పట్టిన సరంగుల్లో దానం అంత నెమ్మదస్తుడు ఇంకొకడు లేడని గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఒప్పుకుంటారు. మొదట తెరచాప పడవ, తర్వాత మనుషుల్నీ బళ్లనీ దాటించే పంటు. ముప్పయ్యేళ్లలో ఒక్క మేకపిల్లను కూడా నీళ్లపాలు చెయ్యలేదు. తండ్రి పరాయి చేలో పాలేరుతనం చేసి పోయాడు. దానానికి అక్షరం ముక్క రాదు గానీ, పిల్లలిద్దరినీ పట్టుబట్టి చదివించాడు. కూతురు విజయకుమారి రాజోలు హైస్కూల్లో లెక్కల టీచరైంది. కొడుకు సాల్మన్ సైనిక పాఠశాలలో సీటు తెచ్చుకుని, వైమానిక దళంలో పనిచేసి, బయటికొచ్చాక ఒక ప్రైవేటు కంపెనీలో చిన్న విమానాలు నడిపేవాడు. పంటు సరంగు కొడుకు విమానం సరంగు అయ్యాడని రేవులో టీకొట్టు దగ్గర గొప్పగా చెప్పుకునేవారు. అలా చెప్పినవాళ్లలో సగంమందికి ఆ సంగతి మింగుడు పడలేదన్నది వేరే విషయం.

1998 ఆగస్టులో ఉత్తరాది కొండల మధ్య ఒక చిన్న విమానాశ్రయంలో దిగబోతూ సాల్మన్ నడుపుతున్న విమానం కొండను గుద్దుకుంది. సాల్మన్‌తో కలిపి ఏడుగురు పోయారు. పెట్టె మూత తియ్యొద్దని కంపెనీవాళ్లు చెప్పారు. దానం తియ్యమని అడగనూ లేదు.

మట్టి ఆరకముందే ఊరు నోరు తెరిచింది. తాగి నడిపాడని ఒకరు, రన్‌వే అనుకుని రోడ్డు మీద దింపబోయాడని ఒకరు. సాల్మన్ జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. కానీ చచ్చినవాడు లేచొచ్చి చెప్పడు గదా అన్న ధైర్యం బతికున్నవాళ్లకు ఎప్పుడూ ఉంటుంది.

దానం ఈ మాటలేవీ పట్టించుకోలేదు. ఆయన్ని తొలిచింది ఒకటే. ‘దిగడానికి మలుపు తిరుగుతుండగా’ ప్రమాదం జరిగిందని పేపర్లో రాశారు. ఆ ముక్క కూతురు చదివి వినిపించినప్పటినుంచి, సాయంత్రం ఆమె బడినుంచి రాగానే అదే అడిగేవాడు.

“ఎటు తిరిగేడంటమ్మా?”

పడవ నడిపేవాడికి ప్రాణమంతా ఆ ఒక్క సంగతిలోనే ఉంటుంది మరి. తెలియదు నాన్నా అని ఆమె రెండేళ్లు చెబుతూ వచ్చింది. అప్పటికి అది నిజమే.

2000లో విచారణ నివేదిక ప్రతి ఒకటి ఇంటికొచ్చింది. నలభై పేజీల ఇంగ్లీషు. విజయకుమారి నిఘంటువు పక్కన పెట్టుకుని పన్నెండు రోజులు కుస్తీ పట్టింది. చివర్లో కొన్ని పటాలున్నాయి. మబ్బుల్లో కళ్లకేమీ కనిపించనప్పుడు రేడియో గుర్తులను పట్టుకుని విమానం ఏ దారిన దిగాలో చూపించే పటాలవి. వేరే ఊళ్ల పటాల్లో దారి పేరు చివర ఒక నెంబరు ఉంది. సాల్మన్ దిగిన దారి పేరు చివర మాత్రం నెంబరు లేదు, ‘ఎ’ అన్న ఒక్క అక్షరం ఉంది. లెక్కల మనిషికి అంకె ఉండాల్సిన చోట అక్షరం కనబడితే ఊరుకోబుద్ధి కాదు. తమ్ముడితో కలిసి పనిచేసిన కెప్టెన్ శ్రీరామచంద్రమూర్తి గారికి ఉత్తరం రాసింది. ఆయనది కొత్తపేట దగ్గర. కొత్త పైలట్లకు పాఠాలు చెబుతుంటారు.

ఆయన ఎనిమిది పేజీల జవాబు రాశారు. రన్‌వే ఏ దిక్కుకు చూస్తోందో ఆ డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే దాని నెంబరు వస్తుంది. తూర్పుకైతే తొమ్మిది, దక్షిణానికైతే పద్దెనిమిది. దిగే దారి రన్‌వేకి ఇంచుమించు తిన్నగా, ముప్పై డిగ్రీలకు మించని వంపుతో ఉంటే, ఆ దారి పేరు చివర రన్‌వే నెంబరు పెడతారు. కొండలడ్డొచ్చి దారి పక్కనుంచి వచ్చినా, మరీ నిటారుగా దిగాల్సి వచ్చినా నెంబరు పెట్టరు. ఎ, బి, సి అని వరసగా అక్షరాలు పెడతారు. ఆ ఊరికి అలాంటి దారి ఒక్కటే ఉన్నా అది ‘ఎ’యే. ఆ అక్షరం చూడగానే పైలట్‌కు సంగతి తెలియాలి. ఈ దారి రన్‌వే మీదికి తీసుకెళ్లదు, ఊరి దగ్గర వదిలిపెడుతుంది. అక్కణ్ణించి రన్‌వేని కళ్లతో చూసుకుంటూ, చెప్పిన ఎత్తు తగ్గకుండా చుట్టూ తిరిగొచ్చి దిగాలి. రన్‌వే చుట్టూ కొంత మేర మాత్రమే కొండలూ గుట్టలూ కొలిచి, ఆ ఎత్తున అడ్డేమీ లేదని చూసి ఉంచుతారు. రన్‌వే క్షణంపాటు కనుమరుగైనా సరే, ఎత్తుకు లేస్తూ రన్‌వే వైపుకే తిరగాలి. దానికి దూరంగా తిరగకూడదు.

చివర ఇలా రాశారు. “రన్‌వే మబ్బులో కనుమరుగవగానే సాల్మన్ బయటికి తిరిగాడని నివేదికలో ఉంది. ఎందుకు తిరిగాడో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదమ్మా. ఈ నియమం నా క్లాసుల్లో కుర్రాళ్లకు చెప్పినవాడే అతను. మీకేమైనా తోస్తే రాయండి. వాళ్లకు పనికొస్తుంది.”

విజయకుమారికి తోచింది. ఉత్తరం మడత పెట్టకముందే తోచింది.

చిన్నప్పుడు సెలవలొస్తే అక్కాతమ్ముళ్లిద్దరూ నాన్న పడవలోనే ఉండేవారు. పుష్యమాసం పొద్దుల్లో గోదావరి మీద మంచు దిగితే చుక్కాని పట్టిన చెయ్యే కనిపించేది కాదు. అప్పుడు దానం తమ్ముడి చేతిని చుక్కాని మీద పెట్టి చెప్పిన మాట ఆమెకు ఏసుప్రభువు ప్రార్థనతో సమానంగా కంఠతా వచ్చు. “రేవు కనపడకపోతే దానికోసం ఎదక్కురా. ఒడ్డుకి వీపు పెట్టి లోతులోకి పో. లోతు ఎవణ్నీ చంపదు, ఒడ్డే చంపుద్ది.” ఒడ్డు పక్కన ఇసక మేటలుంటాయి, వలకట్ల గుంజలుంటాయి. గోదావరి మీద అది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాటతోనే ముప్పయ్యేళ్లు ఎవరూ మునగలేదు. ఆ మాటే కొండల మధ్య ఏడుగుర్ని చంపింది.

ఇక ఆమెది మింగలేని, కక్కలేని పరిస్థితి. కానీ నివేదిక వచ్చిన సంగతి దానానికి తెలుసు. ఆదివారం గుడినుంచి రాగానే అరుగు మీద కూర్చుని, చెప్పమ్మా అన్నాడు. ఆమె కెప్టెన్ గారి ఉత్తరం సంగతి చెప్పి, పాత కేలండరు వెనకవైపు బొమ్మ గీసింది. మధ్యలో రన్‌వే, చుట్టూ గుండ్రంగా గీత, గీత బయట కొండలు. నెంబరున్న దారంటే తిన్నగా రేవుకొచ్చే పంటు లాంటిదనీ, అక్షరమున్న దారంటే నీళ్లు సముద్రం వైపు లాగేసే పాటు వడికి ఎగువకెళ్లి, రేవు చూసుకుంటూ తిప్పుకొచ్చే పంటు లాంటిదనీ చెప్పింది. స్టాఫ్‌రూములో బీయెస్సీలకు ఎక్కని సంగతి ఆయనకు చిటికెలో ఎక్కింది. గుండ్రటి గీత మీద వేలు పెట్టాడు.

“దీని లోపల కొండల్లేవా?”

లేవని చెప్పింది. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

“రేవు కనపడకపోతే ఎటు తిరగాలంట?”

నలభై రెండేళ్ల విజయకుమారి అప్పటిదాకా పిల్లల మార్కుల్లో అరమార్కు కూడా తప్పు వేసి ఎరగదు.

“బయటికే నాన్నా. తమ్ముడూ అటే తిరిగేడు.”

“ఆయ్,” అన్నాడు దానం. “నేను చెప్పిందే చేసేడన్నమాట.”

మర్నాడు ఆయన రేవుకి వెళ్లలేదు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు. పంటు మీద మళ్లీ కాలు పెట్టలేదు. వయసు మీద పడిందని రేవులో అనుకున్నారు. కొడుకు తప్పు లేదని తెలిసి మనసు కుదుటపడిందని, ఇక పనిలో దుఃఖం మరిచిపోవాల్సిన అవసరం తీరిందని విజయకుమారి అనుకుంది. అలా అనుకోకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు. కెప్టెన్ గారికి మాత్రం జవాబు రాయలేదు. రాస్తే ఎక్కడెక్కడో తిరిగి ఏ మేలుకోరేవాడి నోటనో నాన్న చెవిన పడుతుందని ఆమె భయం.

2005 చలికాలానికి దానం మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని అమలాపురం డాక్టర్లు చెప్పి ఇంటికి పంపేశారు. ఒక పొద్దున ఆమె జావ తాగిస్తుంటే గిన్నె పక్కకు నెట్టి అడిగాడు.

“ఆ కెప్టెన్ గారికి రాసేవా అమ్మా?”

“ఏం రాయాలి నాన్నా?”

“మావోడు అటెందుకు తిరిగేడో.” కాసేపు దగ్గి, మళ్లీ అందుకున్నాడు. “నువ్వు గీత గీసి లోపల కొండల్లేవన్నావు. అంటే లోతు లోపలే ఉంది. చుక్కాని పట్టినోడికి ఆ మాత్రం తెలీదా?”

ఆమెకు ఏడుపు ఆగలేదు. మరి అయిదేళ్లూ ఎందుకు అడగలేదని ఎలాగో అడిగింది.

“నువ్వు ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. నాకోసం ఒకటి ఆడేవు. దాన్ని నేనెందుకు పాడు చెయ్యాలనుకున్నాను.” ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “రాసెయ్. ఆయన కుర్రోళ్లకి చెబుతారు కదా. ఎవడికి వాళ్ల నాన్న ఏం నేర్పి పంపేడో ముందు అడగమను. నేర్పింది నేనని నా పేరు రాయి. ఆ పిల్లోడి పేరు ఈ నింద చాలాకాలం మోసింది.”

ఆ తర్వాత మూడోవారంలో దానం పోయాడు. సమాధి చేసొచ్చిన మర్నాడు విజయకుమారి బడికి సెలవు పెట్టి ఉత్తరం రాసింది. కెప్టెన్ గారి ఎనిమిది పేజీలకు ఒక్క పేజీ జవాబు. కారణం రాసే చోట, ఆయన చెప్పినట్టే, నాన్న పేరు రాసింది.