చేదెక్కిన చెలమ

మొన్న కొళాయి నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ వాసన రాగానే నాకు మా ధర్మవరం గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఏడేళ్లు. మా వీధి ఆడవాళ్లంతా చిత్రావతి ఏటి ఇసుకలో తవ్విన చెలమ నుంచే తాగే నీళ్లు తెచ్చుకునేవాళ్లు. ఒకరోజు హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ నీళ్లను సీసాలో పట్టుకున్నాడు.

"మా నీళ్లకేమైందప్పా?" అని అడిగింది మా అవ్వ.

"పరీక్షకు పంపుతాండామవ్వా. జబ్బు ఉండాదో లేదో తెలుస్తాది."

పాపం, నీళ్లకు జ్వరమొచ్చిందనుకున్నాను. నా జ్వరానికి అవ్వ కాచిపెట్టిన నేలవేము కషాయం చెంబెడు తీసుకుపోయి చెలమలో పోసేశాను.

నీళ్లు చేదెక్కాయి. ఎవరో విషం కలిపినారని వీధంతా గగ్గోలు పుట్టింది. భయంతో నేను నోరు విప్పలేదు. వారం రోజులు అందరూ దూరపు బావికి పోయారు. బిందెలు మోసి అవ్వకు నడుము పట్టేసింది. నేను ఆమె నడుము తొక్కేదాన్ని.

ఎనిమిదో రోజు ఇన్‌స్పెక్టర్ బ్లీచింగ్ పౌడర్ సంచితో మళ్లీ వచ్చాడు. "ఆ నీళ్లలో కలరా ఉండాది. ఎవరూ తాగలేదు కదా?"

ఆ సాయంత్రం ఏడుస్తూ అవ్వకు నిజం చెప్పాను. ఆమె తిట్టలేదు. నన్ను ఒళ్లోకి లాక్కుని చాలాసేపు వదల్లేదు. తప్పు చేసినదాన్ని అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.