నాయిన తిప్పిన రొట్టె పళ్ళెం

పంతొమ్మిది వందల డెబ్బైల్లో, పటాన్‌చెరులోని ఒక కార్ఖానాలో ప్రెస్సు మిషన్‌లో పడి మా నాయిన కుడిచేతి మూడు వేళ్లు తెగిపోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. పని మాత్రం పోలేదు. గేటు దగ్గర డ్యూటీ ఇచ్చారు. తిండికి లోటు రాలేదు. ఆయన్ను కుంగదీసింది వేరే సంగతి.

చిట్కుల్‌లో మాది పెంకుల కప్పు క్రైస్తవ గుడి. నెలకో ఆదివారం ప్రభు భోజనం. పాస్టరు అయ్యగారు రొట్టె విరిచి పళ్ళెంలో పెడితే, చాపల మీద కూర్చున్న వరసల మధ్య దాన్ని తిప్పడం నాయిన పని. పొలం కూలీల ఇంట్లో పుట్టిన మనిషికి ఆ పని ఎంత గొప్పో మాకు తెలుసు.

ఆయన పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నాడు. ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి వరసగా చదవాలనేవాడు. చేతికి కట్టుతో ఇంట్లో ఉన్న రోజుల్లో బైబిలు అలాగే మొదలుపెట్టి, లేవీయకాండం దాకా వచ్చాడు. అంగలోపం ఉన్న యాజకుడు బలిపీఠం దగ్గరికి రాకూడదన్న మాట అక్కడ కనబడింది. పుస్తకం మూసేసి, ఇక పళ్ళెం ముట్టనన్నాడు.

అది పాత ధర్మశాస్త్రమని, మనకిప్పుడు వర్తించదని అయ్యగారు ఇంటికొచ్చి నచ్చజెప్పారు. నాయిన వినయంగా తలూపాడు. ఆదివారం మాత్రం చేతికి తువాలు చుట్టుకుని, తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు. అలా మూడు నెలలు.

నాట్లకు పోయే ముసలమ్మ ఒకామె ఉండేది. చదువు రాదు, విన్నది మరవదు. ఓ భోజనపు ఆదివారం చెప్పులు విడుస్తూ, ఇక్కడెందుకు కూర్చున్నావని ఆయన్ను అడిగింది. నాయిన సిగ్గుపడుతూనే తాను చదివింది చెప్పాడు.

"ఇంక ఆడనే ఉన్నవా కొడుకా? జెర ముంగటికి సదువు," అంది. "సమాధిల నుంచి లేచినంక గుడ ప్రభువు చేతులకు మేకుల గాయాలు అట్లనే ఉన్నయి. గా చేతులతోనే రొట్టె ఇరిసిండు. ఆయన్ని గుడ చెప్పుల కాడ కూసోమంటవా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాయిన నవ్వలేదు. తువాలు విప్పి, బయటికి పోయి చేతులు కడుక్కొచ్చాడు.

పళ్ళెం ఎడమచేతిలో పెట్టుకుని, ఆ రెండు వేళ్లతో అంచు పట్టుకున్నాడు. మొదటి వరసలో ఒక్కో అడుగు చూసుకుంటూ నడిచాడు, తర్వాత కుదురుకున్నాడు. అమ్మ తన ముక్క తీసుకుని చాలాసేపు తలెత్తలేదు.

పోయిన వేళ్లు తిరిగి రాలేదు. ఊరు మాత్రం ఏళ్ల తరబడి ఆ చేతినుంచే రొట్టె తీసుకుంది. వయసొచ్చాక నా మొదటి ముక్కనూ నేను అక్కడే అందుకున్నాను. అందుకు ఆ ముసలమ్మకు నేను ఎన్నడూ కృతజ్ఞత చెప్పలేదు.