ఏటేటి ఇరగ్గొట్టారు?

మా ఎదురింటివాళ్లు వచ్చే నెల ఇల్లు మారుతున్నారు. నిన్న సాయంత్రం ఆ ఇంటాయన ఫోన్ పట్టుకుని వచ్చి, సామాన్లు తరలించే కంపెనీల్లో నమ్మదగ్గది ఏదో చెప్పమన్నాడు. తెర మీద కంపెనీలన్నీ వరసగా నక్షత్రాలు తగిలించుకుని మెరిసిపోతున్నాయి. ఒక్కదానికీ మచ్చ లేదు. పెళ్లిళ్ల పేరయ్య చెప్పే పెళ్లికొడుకుల్లా అన్నీ బుద్ధిమంతులే. నాకు నవ్వొచ్చింది. మా మేనత్త గుర్తొచ్చింది. ఈ బరంపురంలో లారీవాణ్ణి ఆవిడ వెతికినట్టు ఇంకెవరూ వెతికి ఉండరని నా నమ్మకం.

అత్త కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ గోసాని నువాగాంలో ఒకే అద్దె ఇంట్లో ఉండేది. రైల్వేలో పనిచేసిన మావయ్య పోయాక, ఎవరి ముందూ చెయ్యి చాపడం ఇష్టంలేక ఊరగాయలు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ఆవకాయ, మాగాయ, చింతకాయ తొక్కు. తెలుగువాళ్ల ఇళ్లే కాదు, చుట్టుపక్కల ఒడియా ఇళ్లలో కూడా ఆవిడ ఆవకాయ లేనిదే పఖాళొ దిగేది కాదు. చద్దన్నాన్ని వాళ్లు అలా అంటారు. కొన్నేళ్ల కిందట ఇంటిగలావిడ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటానని చెప్పింది. ఊరి చివర అంకులిలో రెండు గదుల ఇల్లు దొరికింది. ఇల్లు బాగానే ఉంది గానీ సమయమే బాగాలేదు. కొత్తావకాయ పెట్టి, జాడీలకు వాసెన గుడ్డలు కట్టిన రోజులవి. గుమ్మం దాటి లోపలికి వస్తే ఆవఘాటుకు కళ్లు మండేవి. ఆ ఏటి బతుకంతా ఆ జాడీల్లోనే ఉంది. దారిలో అవి పగిలితే, మాట ఇచ్చిన ఇళ్లకు ఆవిడ ఏం సమాధానం చెబుతుంది? మాట తప్పిన మనిషిని వెతుక్కుంటూ అంకులి దాకా ఎవరు వెళతారు? అత్త భయం అదీ.

మా ఆఫీసు స్నేహితుడికి వ్యాన్ ఉంది, ఒక్క మాట చెబితే చాలన్నాను. మొహమాటం ఉన్నచోట తిట్టడానికి ఉండదని అత్త కొట్టిపారేసింది. నన్ను స్కూటర్ తియ్యమని, వెనక కూర్చుని కంపెనీలు చూడ్డానికి బయల్దేరింది. అసలే మే నెల ఎండ. ఆవిడకు అదేమీ పట్టలేదు.

మొదటిది అద్దాల తలుపున్న ఆఫీసు. చల్లగా ఉంది. టై కట్టుకున్న అబ్బాయి మాకు మంచినీళ్లిచ్చి, పేకింగు గురించి చక్కటి ఒడియాలో వివరించాడు. ఎంత తీసుకుంటాడో అడుగుతుందనుకున్నాను. అత్త ఆ ఊసెత్తలేదు. ఇంతవరకూ ఎవరెవరి ఇళ్లలో ఏమేం విరగ్గొట్టారని అడిగింది, అదీ ఒడియాలోనే, మర్యాదగా. ఆ అబ్బాయికి ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, తమ చేతిలో గాజు గ్లాసు కూడా పగల్లేదని గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. అత్త దండం పెట్టి లేచింది. రెండోచోటా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. కాకపోతే అక్కడాయన కొంచెం కోప్పడ్డాడు కూడా.

స్కూటర్ ఎక్కాక ఇక ఉండబట్టలేక, పెళ్లివారింటికెళ్లి పెళ్లికొడుకు ఇదివరకు ఎంతమందిని కొట్టాడని అడిగినట్టుంది నీ వరస అన్నాను. అత్త వెనకనుంచి నా వీపు మీద ఒకటి వేసింది.

“సామాన్లు మోసినోడి సేతిలో ఏదో ఒకటి ఇరగక మానదురా అల్లుడూ. ఏటీ ఇరగలేదంటే మొయ్యనన్నా మొయ్యలేదు, అబద్ధమన్నా ఆడతన్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, మరి బుట్టలో రొయ్యలేటయిపోనాయి?”

ఆ మాటతో నాకూ ఆసక్తి పుట్టింది. అసలు ఈ ప్రశ్నకు నిజం చెప్పే మనిషి ఊళ్లో ఉన్నాడా అని.

అంకులి వెళ్లే దారిలో రేకుల షెడ్డు కింద ఒకాయన ఉన్నాడు. ఆంధ్రా సరిహద్దు పల్లెటూరి మనిషి. ఒక లారీ, నలుగురు కుర్రాళ్లు, గోనెపట్టాలు, పాత బొంతల గుట్ట. అత్త ప్రశ్న విని తల గోక్కున్నాడు. వేళ్లు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరింట్లో మంచం కోడు, ఇంకొకరింట్లో జగన్నాథుడి పటానికున్న అద్దం. అన్నిటికన్నా పెద్దది రంభ ఊళ్లో ఒక మేష్టారి ఇంట్లో అద్దం బల్ల. పెళ్లినాటిదట.

“ఆయమ్మ మొకం తలుసుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తాదమ్మా,” అన్నాడు.

అత్త మొహం విప్పారింది. ఇక ఖాయం చేస్తుందనుకుంటే, మర్నాడు నన్ను రంభ తీసుకెళ్లమంది. చిలికా సరస్సు ఒడ్డున ఎండుచేపల వాసన మధ్య, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆ మేష్టారి ఇల్లు వాకబు చేసుకుంటూ తిరిగింది. ఆ ఇల్లాలు మమ్మల్ని పెళ్లి సంబంధానికి వచ్చిన వాళ్లనుకుని కుర్చీలు వేసింది. వచ్చిన పని చెబితే పడీపడీ నవ్వింది. అద్దం పగిలిన వెంటనే ఆ లారీ ఆయనే లోపలికొచ్చి చెప్పాడట. వారం తిరక్కుండా కొత్త అద్దం తెచ్చి బిగించాడట.

“పాతదంత బాగోదమ్మా. మొకం కొంచెం సాగినట్టు కనిపిస్తాది. మనిషి మట్టుకు మంచోడే,” అంది.

అత్త లేచివెళ్లి ఆ అద్దంలో మొహం చూసుకుంది. నిజంగానే సాగింది. తిరుగు దారిలో బరంపురం దాకా ఆవిడ హుషారుగా కబుర్లు చెబుతూనే ఉంది.

ఇల్లు మారే రోజు లారీ ఆయన జాడీలను బొంతల్లో చుట్టి, మధ్యమధ్య గోనెపట్టాలు కుక్కి, గుంత వచ్చినచోటల్లా లారీని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు పోనిచ్చాడు. నేను స్కూటర్ మీద వెనకే వెళ్లాను. అంకులిలో జాడీలన్నీ క్షేమంగా దిగాయి. కుర్రాళ్లు మంచం కోసం బయటికి వెళ్లారు. అత్తకు జాడీల వరస కుదరలేదు కాబోలు, పెద్ద జాడీని తనే పట్టి గోడవారకు జరపబోయింది. అది గడపకు తగిలి టక్కుమంది. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ నన్ను చూడలేదు. కొంగుతో జాడీని ఒకసారి తడిమి, ఏమీ కాలేదనుకుని లేచింది.

కాసేపటికి లారీ ఆయన వచ్చి, నేల మీద ఎర్రగా పాకుతున్న నూనె చూశాడు. బయటికి తిరిగి కుర్రాళ్లను కేకేశాడు. ఎవడు దింపాడురా దీన్ని అని వాళ్లను నిలదీసి, అత్త వైపు తిరిగి చేతులు జోడించాడు. తప్పు మాదేనమ్మా, నష్టం నేను పెట్టుకుంటానన్నాడు.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చూసింది నేనొక్కణ్ణే, అదీ ఆవిడకు తెలియదు. పోయింది ఆవిడ ఏడాది కష్టంలో పెద్ద వాటా. ఊరుకుంటే చాలు, అది తిరిగొస్తుంది. ఆవిడ ఏం చేస్తుందో తెలుసుకోవాలని నాకెంత ఆత్రంగా ఉందో, తెలుస్తుందేమోనని అంత భయంగానూ ఉంది.

“ఆళ్లనేటీ అనకు బావూ,” అంది చివరికి. “నేనే జరపబోయి గడపకి కొట్టీసినాను. ఇది నా సేతి పనే.”

లారీ ఆయన కుర్రాడి చేత స్టీలు గిన్నెలు తెప్పించి, జాడీని తనే వంచి పట్టుకున్నాడు. అత్త పైనున్న ఆవకాయను గరిటెతో గిన్నెల్లోకి తీసింది. అడుగున ఉన్నది దక్కలేదు. ఆ ఏడు ఇంటింటికీ ఆవకాయ కాస్త తక్కువే వెళ్లింది. పెద్దజాడీ నేనే పగలగొట్టుకున్నానని ప్రతి గుమ్మం దగ్గరా తనే చెప్పుకుంది. ఒకరిద్దరు సణిగారు. మిగతావాళ్లు పుచ్చుకున్నారు.

పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషే. అయినా మా అత్త ఎవరో నాకు తెలియడానికి పట్టిన కాలం, ఆవిడ ఆ పూట కొంగుతో చేతులు తుడుచుకున్నంత సేపే.