తలుపుబాసకు పేరు పెట్టిన మా వదిన

మా వదిన గత శుక్రవారం ఉదయం ఆసుపత్రిలో కన్నుమూసింది. మన రైల్వే కాలనీలో, ఈ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, ఆమెను ఎరుగని తెలుగిల్లు లేదు కనుక, ఈ పాటికి మీలో చాలామందికి కబురు అందే ఉంటుంది. అందని సంగతి ఒకటుంది. దాన్ని చెప్పవలసినవాణ్ణి నేను.

నలుగురు ఒకచోట చేరితే వారి మాట వేరే రూపు కడుతుందని ఆమె ఇట్టే పసిగట్టేది. ఆ రూపానికి వెంటనే ఒక పేరు పెట్టేది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఎవరి పేరూ ఎత్తకుండా ఊరందరినీ కడిగేసే మాట ‘బిందెబాస’. రైల్వే గార్డుగా పనిచేసిన మా అన్నయ్య, ఉన్న రోజుల్లో, ఆకలితో వచ్చి, “లైన్ క్లియర్ అయ్యిందా?” అని వంటింటికేసి చూస్తే, “ఇదిగో, డ్యూటీబాస ఇంటికొచ్చినాది. సిగ్నల్ పడలేదు, అన్నం ఉడకాల” అనేది. ఆదివారాలు భోజనానికి వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులది ‘తుంపుబాస’. “సగం మాట మీరు తినేసి, సగం నాకెడతారేటి?” అని వాళ్ళను కసిరి, మళ్ళీ చారు పోసేది.

నాదీ ఆమె వదల్లేదు. న్యూ సెటిల్‌మెంట్ గుడిలో పురాణం చెప్పి చెప్పి నా నోటికి అంటిన భాష ‘పట్టుపంచెబాస’. ఒకసారి గోల్‌బజార్‌లో పరధ్యానంగా “ఈ వృంతాకములు నిన్నటివా?” అన్నాను. కూరలమ్మి తెల్లబోయింది. వదిన నా చెయ్యి పట్టి వెనక్కి లాగి, “ముందు పంచె మార్సుకొని రా మరిదీ, వంకాయలు బెదిరిపోతన్నాయి” అంది.

భాషాభేదాలకు పేర్లు పెట్టి వర్గీకరించిన లాక్షణికులకు నా జీవితమంతా నమస్కరించాను. ఆమె చేస్తున్నదీ అదే పని అని నాకు తోచకపోలేదు. ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు.

వైద్యుడు నన్ను వరండాలోకి పిలిచి ఇక ఆశ లేదన్నాడు. ఆమెకు తెలియనీయకూడదని నేనే నిర్ణయించుకున్నాను. కానీ మంచం వదలని ఆమె కొడుకుతో ఆ గదిలో రహస్యం మాట్లాడడానికి ఏ భాష మిగిలింది? నాకు వచ్చిన తెలుగు, హిందీ, బంగ్లా, మూడూ ఆమెకూ వచ్చు. అందుకని మంచం పక్కనే నిలబడి నేను, “వ్యాధి అసాధ్యము. కాలము స్వల్పము. నివేదింపవలదు” అన్నాను. నా దగ్గర చదువుకున్నవాడు కనుక వాడికి అర్థమైంది.

వదిన కళ్ళు తెరిచింది. “ఏటి మరిదీ, కొత్త బాస మొదలెట్టినారు?”

“ఏం లేదు వదినా, మందుల సంగతి.”

“దీనికీ పేరెట్టేసినాను. తలుపుబాస. నోపల మీరు, బయట నాను.” తలగడ మీదే నా వైపు తిరిగి, “ఇజీనగరంలో నా సెల్లికి కబురెట్టు. ఏళ్ళై మాటల్లేవు. ఓ మాట ఉండిపోనాది దానితో” అంది.

చెల్లెల్ని పిలిపిస్తే వదినకు నిజం తెలిసిపోతుందని నాకు భయం. “తగ్గాక మనమే వెళ్దాం” అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. మళ్ళీ అడగలేదు.

వదిన చెల్లెలు కబురంది, దహనం అయిపోయాక వచ్చింది. రైలు దిగిన అలసటతోనే, “నా కోసం ఏటైనా అన్నాదా బావా?” అని అడిగింది.

“పిలవమంది. నేనే పిలవలేదు.”

ఆవిడ వదిన గదిలోకి వెళ్ళి నేలమీద కూర్చుంది. కిటికీ గట్టుమీద వదిన దువ్వెన కనిపిస్తే అందుకుంది. పళ్ళ మధ్య చిక్కుకున్న తెల్లవెంట్రుకలను ఒక్కొక్కటే తీసి, తెగకుండా తన వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.