వెనక్కి నడుస్తూ తీసిన షాటు

డిగ్రీ చివరి ఏడాదిలో, కాలేజీ పోటీ కోసం, మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో ఒక షార్ట్ ఫిల్మ్ తీశాను. నటుడు మా పక్కింటి దేవప్ప తాత, గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఏ షాటు ఎలా ఉండాలో నోటుబుక్కు నిండా బొమ్మలు వేసుకున్నాను. తాత మా కార్మికుల ఇళ్ల మధ్య నడుస్తుంటే, నేను ఫోను పట్టుకుని ఆయన ముందు వెనక్కి నడుస్తూ ఆ నడకంతా ఒకే షాటులో తీయాలి.

"మొగంలో బాధ తప్ప ఇంకేమీ కనపడకూడదు తాతా," అన్నాను.

"నేను ఎప్పుడూ ఇట్ల మొగం పెట్టుకోని నడవలేదమ్మా. ఇంగ నువ్వు వెనక్కి చూసుకో, కాలవ ఉండాది."

"నువ్వు మాట్లాడొద్దు, షాటు పాడైపోతాది!" అని కసిరాను.

రెండడుగులు వేశానో లేదో, మురికికాలువలో వెల్లకిలా పడ్డాను. కుళాయి దగ్గరున్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. తాత మాత్రం పరుగెత్తుకొచ్చి నా మీదికి వంగాడు.

"దెబ్బ తగిలిందామ్మా? కాలు ఆడించు, చూస్తాను," అన్నాడు.

నా చేతిలో ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఆకాశం, దాని కింద కంగారుపడిన తాత ముఖం. సినిమా మొత్తంలో అంతకన్నా మంచి షాటు లేదు.

పోటీలో న్యాయనిర్ణేత దాన్నే మెచ్చుకుని, "కెమెరా అంత కింద పెట్టాలని ఎలా తోచింది?" అని అడిగారు.

"చాలా రోజులు ఆలోచించినాను సార్," అన్నాను గంభీరంగా. ముందు వరుసలో తాత తువ్వాలుతో నోరు మూసుకున్నాడు.

పెద్దల మాట వినకుండా కాలువలో పడి, అందుకు బహుమతి కూడా అందుకున్నది బహుశా నేనొక్కదాన్నేనేమో!