ఆమె చిట్టాకు నేను రాసిన సాఫు నకలు

నాకు ఇప్పటికీ కోపం పోలే. "అయిపోయిన ముచ్చట ఎందుకు తవ్వుతవ్" అని ఎవ్వలన్నా అంటే వాళ్ల మీద గూడ కోపమొస్తది. అయిపోయింది ఎవ్వలికి? నాకు అయిపోయింది. ఆమెకైతే దుకాణమే పోయింది.

ఆంధ్రప్రదేశ్ అయినంక మూడు నాలుగేండ్లకు కరీంనగర్‌ల నేను అమ్మకం పన్ను లెక్కలు చూసే పని పెట్టుకున్న. సందుల ఒక అర్ర, ఒక మేజ, రెండు కుర్సీలు. మద్రాసు నుంచి నెలనెలా ఇంగ్లీషుల వచ్చే పన్నుల పత్రిక తెప్పిచ్చుకునేటోన్ని. ఏ హైకోర్టు ఏం తీర్పు చెప్పింది, ఏ సరుకు మీద రేటు మారింది, కొత్త ఫారం ఏమొచ్చింది, అన్ని అండ్లనే. పత్రిక వచ్చిన నాడు మా లెక్కలోళ్లం నలుగురం చాయ హోటల్‌ల కూసునేది. నేను చదివి అర్థం చెప్తుంటే తక్కినోళ్లు తలకాయలూపేటోళ్లు. గది చూసి నేను ఉబ్బిపోయేటోన్ని. ఎక్కడో బొంబాయిల ఎవ్వలి కేసు ఏమైందో నాకు నోటికి వచ్చేది. నా ముంగట కూసున్న మనిషి మాట మాత్రం నాకు పట్టలే.

ఆ మనిషి వేములవాడ దిక్కు అవ్వ. మగ్గం నేసే సాలోళ్ల ఇంటి మనిషి. పెనిమిటి చచ్చిపోయినంక ఆయన నూలు దుకాణం తానే నడుపుతుండె. షోలాపూర్ నుంచి నూలు తెప్పిచ్చి మగ్గాలోళ్లకు అమ్మేది. పిల్లలు లేరు, భూమి లేదు, ఆ ఒక్క దుకాణం గదే ఆమెకు అన్నం పెట్టేది. వీధిబడిల రెండేండ్లు చదివిందట, గంతే. కని చిట్టా ఎట్ల రాసేదనుకున్నరు! ఒక్క రోజు తప్పలే, ఒక్క పైస తప్పలే. తడిసిన నూలో, పురి సక్కగ లేని నూలో ఉంటే మగ్గాలోళ్లు తెచ్చి దుకాణంల పడేసి పోయేటోళ్లు. గది గూడ ఆ పూటనే రాసేది: "నూలు కట్ట ఒకటి మర్ల అచ్చింది." మా దిక్కు సరుకు మర్ల వచ్చిందంటే వాపసు వచ్చిందని. ఇండ్ల తెల్వకపోనీకి ఏమున్నది?

ఆ ఏడు పన్ను దఫ్తర్‌కు కొత్త అధికారి వచ్చిండు, కోస్తా దిక్కాయన. నేను అవ్వ చిట్టా ముంగట పెడితే, రెండు పేజీలు తిప్పి, "ఏమండీ, ఈ చేతిరాత నాకు అర్థం కావట్లేదు. శుభ్రంగా నకలు రాయించి, సరిచూశానని సంతకం పెట్టి తీసుకురండి" అన్నడు. సరే అన్న.

గిక్కడ నా సంగతి ఒకటి చెప్పాలె. అంతకు వారం ముందే అదే దఫ్తర్‌ల నేను "గీ కాయితం జర చూడుండ్రి సార్" అంటే గుమాస్తాలు ఒకని మొఖం ఒకడు చూసుకొని కిసుక్కున నవ్విండ్రు. తెల్లారి నుంచి నేను అద్దం ముంగట నిలబడి "ఈ కాగితం కొంచెం చూడండి" అని మాట్లాడుడు నేర్చుకున్న. ఛీ, నా బతుకు చెడ! ముప్పై ఏండ్లు దాటిన మొగోన్ని, అద్దం ముంగట!

ఆ సిగ్గుతోనే నకలు రాయ కూసున్న. ఆమె రాసిన "అచ్చినయి"ని "వచ్చినవి" చేసిన. "ఇచ్చిన"ని "ఇచ్చాను" చేసిన. "మర్ల" కనవడ్డ కాడల్లా "మళ్ళీ" అని రాసిన. ముత్యాలోలె రాసిన. కింద సంతకం పెట్టి, మంచి బట్టలేసుకొని పోయి ఆయన చేతుల పెట్టిన.

విచారణ నాడు అవ్వ నా పక్కనే నిలవడ్డది. ఆయన వేలు పెట్టి చదివిండు. "నూలు కట్ట ఒకటి మళ్ళీ వచ్చింది. అంటే రెండోసారి సరుకు దిగింది. బిల్లు ఏది? ఎవరికి అమ్మారు? లెక్కలో చూపలేదేం?"

"అది వాపసు వచ్చిన సరుకండి" అన్న.

"వాపసైతే వాపసని రాయొచ్చు కదండీ. మీరే సరిచూసి సంతకం పెట్టారుగా?"

నేను ఒక్క మాట అంటే అయిపోతుండె. ఆమె గట్ల రాయలే సారూ, నేనే మార్చిన, అసలు చిట్టా ఇగో అని. అది నా సంచిలనే ఉండె. కని మాట మార్చి సంతకం పెట్టిండని తెలిస్తే నన్ను ఇంకోసారి ఆ దఫ్తర్ గడప ఎక్కనిస్తరా? చాయ హోటల్‌ల నా ఇజ్జత్ ఏంగావాలె? గది ఆలోచన చేసి నోరు మూసుకున్న. వాపసు వచ్చిన ప్రతి కట్టనూ, అవ్వ దొంగతనంగ తెచ్చి అమ్మిన సరుకు కింద ఆయన లెక్కగట్టిండు. పన్ను మీద జుర్మానా గూడ వేసిండు.

బయటికొచ్చినంక అవ్వ అడిగింది, "ఏమన్నడు బిడ్డా?"

"ఫికర్ చెయ్యకు అవ్వా, అప్పీలు వేస్త" అన్న. సంగతి మాత్రం చెప్పలే.

అప్పీలు వేసినా వసూలు ఆగలే. ఆపమని పెట్టుకున్న దరఖాస్తుకు జవాబే రాలే. జప్తుకు మనుషులు వస్తరని తెలిసి, నలుగుట్ల సామాను బయట పడేస్తే మొఖం ఎట్ల చూపియ్యాలెనని, ఆమె తానే దుకాణం గది అమ్మి పైసలు కట్టింది. కొన్నోడు పక్క దుకాణపాయనే. సగం ధరకు కొన్నడు. ఆయన మీద గూడ నాకు కోపమే, కని ఆయన ఆ బేరం కాడికి వచ్చింది నా వల్లనే.

అప్పీలు అధికారి పాత నిజాం జమాన నుంచి నౌకరి చేస్తున్న పెద్దమనిషి. నకలు జోలికి పోకుండ, నేనిచ్చిన అసలు చిట్టా తెరిచి ఒక్క నిమిషం చూసి నవ్విండు. "మర్ల అంటే వాపసే కదయ్యా, గిండ్ల ఏమున్నది?" అన్నడు. పన్ను, జుర్మానా రెండూ కొట్టేసిండు. ఆర్డరు చేతికొచ్చిన నాడు మా లెక్కలోళ్లు నాకు మిఠాయి తినిపిచ్చిండ్రు. సిగ్గు లేకుండ తిన్న.

ఆర్డరు పట్టుకొని అవ్వ కాడికి పోయిన. ఎవ్వలింటి అరుగు మీదనో కూలికి కండెలు చుట్టుకుంట కూసున్నది. గెలిచినం అవ్వా అని చెప్పిన, కట్టిన పైసలు వాపసు వస్తయని చెప్పిన. ఆమె రాట్నం ఆపి, "ఏం రాసిండ్రో మొత్తం చదువు బిడ్డా, ఒక్క మాట ఇడువకు" అన్నది.

ఇంగ్లీషుల ఉన్నది. ఒక్కొక్క మాట తెలుగు చేసుకుంట చదివిన. చదువుకుంట పోయి ఒక కాడ ఆగిన. ఇడిచిపెడితే ఆమెకు ఎట్ల తెలుస్తది అని గూడ అనుకున్న. కని ఆమె నా నోటి దిక్కే చూస్తుండె.

"వ్యాపారికి భాష సరిగ రానందున, ఆమె అయోమయంగ రాసిన రాత వల్ల ఈ పొరపాటు జరిగింది" అని చదివిన.

"నాకు భాష రాదా?" అన్నది. గొంతు పెంచలే. "నీకు తెల్వని మాట నా చిట్టాల ఒక్కటన్న ఉండెనా?"

"లేకుండె అవ్వా."

"మరి ఆ సారుకు గట్ల ఎవ్వలు చెప్పిండ్రు?"

గా వాక్యం ఆయన సొంతం కాదు. అప్పీలు కాయితంల నేను రాసిందే ఆయన దించుకున్నడు. నకలు మార్చిన సంగతి బయట పడొద్దని, నా తప్పు ఆమె నెత్తి మీద పెట్టి నేనే రాసిన.

"నేనే అవ్వా" అన్న. ఆమె ముంగట నేను నిజం చెప్పింది అదే మొదటిసారి. అప్పటికి ఆమె దుకాణం అమ్ముకొని ఏడాది దాటింది.